వలస భారతంలో జీవిత బీమా: విదేశీ కంపెనీల విపణి అంచనా

విదేశీ సేవా సంస్థ ఒక దేశపు విపణిని అంచనా వేయడమంటే జనసంఖ్యను, ఆదాయాన్ని లెక్కించడం మాత్రమే కాదు. ఎవరిని ఖాతాదారులుగా గుర్తించాలో నిర్ణయించడం కూడా. భారతదేశంలో జీవిత బీమా చరిత్ర ఇందుకు నిదర్శనం.

1818లో ఐరోపీయులు కలకత్తాలో స్థాపించిన ఓరియంటల్ లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ ప్రధానంగా తమ సమాజ అవసరాలనే దృష్టిలో ఉంచుకుంది. అనంతరం మోతీలాల్ సీల్ వంటి ప్రముఖుల కృషితో విదేశీ కంపెనీలు భారతీయులకూ పాలసీలు ఇచ్చినా, వారి ప్రాణాలను అధిక నష్టభయం గలవిగా పరిగణించి అదనపు ప్రీమియం విధించాయి. కరవులు, అంటువ్యాధుల వల్ల మరణాలు ఎక్కువన్నది వాస్తవమే. అయితే బీమా కొనగల వకీలు, వర్తకుడు, ఉద్యోగి జీవన స్థితి సగటు మనిషి స్థితితో సమానం కాదు. ఆ భేదాన్ని పక్కనపెట్టి జాతినే కొలమానం చేసుకోవడం ఈ అంచనాలోని మౌలిక లోపం.

1870లో ఏర్పడిన బొంబాయి మ్యూచువల్ సంస్థ భారతీయులకు సాధారణ రేట్లకే బీమా కల్పించి ఈ లోపాన్ని బయటపెట్టింది. స్వదేశీ ఉద్యమం ఆ మార్గాన్ని విస్తరింపజేసింది. తెలుగునాట భోగరాజు పట్టాభి సీతారామయ్య 1925లో మచిలీపట్నం కేంద్రంగా స్థాపించిన ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ ఈ పరంపరలోనిదే.

1956 జాతీయీకరణలో ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న 245 సంస్థలలో 154 భారతీయ కంపెనీలు కాగా, విదేశీ కంపెనీలు 16 మాత్రమే. 1999 చట్టంతో మళ్ళీ ప్రవేశం లభించినప్పుడు విదేశీ వాటా 26 శాతానికి పరిమితమైంది. భారతీయ భాగస్వామి అనివార్యమయ్యాడు. ఒకప్పుడు నష్టభయంగా తూచిన సమాజమే ఇప్పుడు ప్రవేశ షరతులను నిర్ణయించింది.