దారి మోసినంత బరువు

1985లో అమెరికాలో టెలిబిట్ అనే చిన్న కంపెనీ ట్రెయిల్‌బ్లేజర్ పేరుతో ఒక మోడెమ్‌ను అమ్మకానికి పెట్టింది. మామూలు మోడెమ్ సెకనుకు 2,400 బిట్లు పంపితే గొప్పగా చెప్పుకునే రోజులవి. ట్రెయిల్‌బ్లేజర్ అదే టెలిఫోను తీగ మీద, తీగ బాగుంటే, 18,000 దాటించేది. అప్పట్లో యూనిక్స్ యంత్రాలున్న విశ్వవిద్యాలయాలూ కంపెనీలూ ఒకదానికొకటి డయల్ చేసుకుని ఉత్తరాలు, యూజ్‌నెట్ చర్చలు మార్చుకునేవి. దూరపు కాల్‌కు నిమిషాల లెక్కన బిల్లు పడేది. అలాంటి చోట ఈ పెట్టె పేరు మారుమోగిందంటే ఆశ్చర్యం లేదు.

కాల్ కలవగానే రెండు వైపుల మోడెమ్‌లూ ముందు తీగను తట్టి చూసుకునేవి, సంతలో కుండ కొనేవాడు వేలితో కొట్టి చూసినట్టు. ఫోను తీగలో మాట పట్టే కాస్త వెడల్పును 512 సన్నని టోన్లుగా చీల్చేవి. పక్కపక్క టోన్ల మధ్య ఎడం 8 హెర్ట్జ్ కూడా ఉండదు. ఏ టోన్ అవతలికి ఎంత శుభ్రంగా చేరిందో కొలిచి, బాగా వినబడినదాని మీద ఒక్కో విడతకు 6 బిట్లు, ఓ మాదిరిదాని మీద 4, నాసిరకందాని మీద 2 వేసేవి. అసలు వినబడనిదాన్ని ఖాళీగా వదిలేసేవి. తీగ పాడైతే మిగతా మోడెమ్‌లు ఒక్క దెబ్బతో సగం వేగానికి పడిపోయేవి. ఇది మాత్రం చెడిపోయిన టోన్లను పక్కన పెట్టి, చిన్న చిన్న మెట్ల మీదుగా దిగేది.

టెలిబిట్‌ను స్థాపించినవాడు పాల్ బారన్. సమాచారాన్ని పొట్లాలుగా విడగొట్టి పంపే ప్యాకెట్ పద్ధతిని 1960ల్లో ర్యాండ్ సంస్థలో ఉండగా ప్రతిపాదించినవాడూ ఆయనే. మోడెమ్‌లోని బిట్ల పంపకానికి మాత్రం పేటెంటు హ్యూస్-హార్టోగ్స్ అనే ఇంజనీరుది. అది 1987లో మంజూరైంది.

ఆ పంపకం ఎలా జరగాలో సిద్ధాంతం ట్రెయిల్‌బ్లేజర్‌కు 36 ఏళ్ల ముందే చెప్పింది. 1949లో క్లాడ్ షానన్ రాసిన వ్యాసంలో ఒక బొమ్మ ఉంది. రొద ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్కోలా ఉన్నప్పుడు, చేతిలో ఉన్న పవర్‌ను ఎక్కడెక్కడ ఎంతెంత ఖర్చు పెట్టాలన్నది ప్రశ్న. జవాబు చెరువులా ఉంటుంది. చెరువు అడుగు ఎగుడుదిగుడుగా ఉంది. రొద తక్కువైన చోటు పల్లం, ఎక్కువైన చోటు మెరక. ఉన్న నీళ్లన్నీ పోస్తే పై మట్టం ఒకటే అవుతుంది, పల్లంలో ఎక్కువ నిలుస్తాయి, మరీ ఎత్తైన దిబ్బలు పొడిగా ఉండిపోతాయి. తర్వాతివాళ్లు దీనికి వాటర్ ఫిల్లింగ్ అని పేరు పెట్టారు. నీరు పల్లమెరుగు అని మనవాళ్లు ఏనాడో అన్న మాటకు షానన్ గణితం జోడించాడనుకోవచ్చు.

కానీ సిద్ధాంతం చేతిలో ఉన్నా పెట్టె తయారవ్వాలి కదా. 1950ల్లో కాలిన్స్ రేడియో కంపెనీ కైనెప్లెక్స్ అనే యంత్రాన్ని చేసింది. షార్ట్‌వేవ్ రేడియో మీద 20 టోన్లు. ఒక్కో టోన్ మీద ఒక్కో విడతకు రెండు బిట్లు, సెకనుకు 75 విడతలు. గుణిస్తే సెకనుకు 3,000 బిట్లు. ఆ కాలానికి అది చాలా ఎక్కువ. వాతావరణం పైపొరల్లోని అయనావరణం నుంచి బంతిలా తిరిగి వచ్చే సిగ్నల్‌కు ప్రతిధ్వనులు ఎక్కువ. ఒకే టోన్ మీద వేగంగా పంపితే పాత బిట్టు ప్రతిధ్వని వచ్చి కొత్త బిట్టు మీద పడుతుంది. 20 టోన్ల మీద నిదానంగా పంపితే ఆ బాధ తగ్గుతుంది. బహుళ క్యారియర్ల (ఒక్కదానికి బదులు ఎన్నో టోన్ల మీద పంపే) ఆలోచనకు అసలు ప్రాణం ఇదే. లోపమల్లా ఒక్కటే: 20 టోన్లకూ ఒకటే బరువు. ఏ టోన్ నీరసపడితే దాని మీది బిట్లు పోయినట్టే.

1966లో బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ చాంగ్ టోన్లను ఒకదాని మీదికి ఒకటి ఒరిగేంత దగ్గరగా పేర్చి కూడా కలగాపులగం కాకుండా విడదీయవచ్చని చూపించాడు. 1971లో వైన్‌స్టీన్, ఎబర్ట్ అనే ఇద్దరు, వందల ఆసిలేటర్లు అక్కర్లేదు, ఫోరియర్ పరివర్తన అనే లెక్క ఒక్కటి చేస్తే టోన్లన్నీ ఒకేసారి పుడతాయని తేల్చారు. ఆ లెక్కను చకచకా చేసే చిట్కా 1965 నుంచే ఉంది. చవకైన చిప్ కోసమే ఇంకో పదిహేనేళ్లు ఆగాల్సి వచ్చింది.

మళ్లీ హ్యూస్-హార్టోగ్స్ దగ్గరికి. ఆయన పద్ధతిని దగ్గర్నుంచి చూడటం బాగుంటుంది, ఎందుకంటే అది వేలంపాటకు తిరగేసిన రూపం. ఊహించుకున్న అంకెలే అనుకుందాం. మూడు టోన్లు ఉన్నాయి. మొదటి బిట్టు మోయడానికి ఒకటోది 1 వంతు పవర్ అడుగుతుంది, రెండోది 3, మూడోది 10. ఒక టోన్ మీద ఇంకో బిట్టు వేయాలంటే ఖర్చు ఇంచుమించు రెట్టింపవుతుంది. కాబట్టి ఒకటో టోన్ ధరలు 1, 2, 4, 8. రెండోదానివి 3, 6, 12. మూడోదానివి 10, 20. అయిదు బిట్లు పంపాలి. ప్రతిసారీ ఎవరు తక్కువ అడిగితే వాళ్లకే ఇస్తారు: 1, 2, 3, 4, 6. ఒకటోదానికి మూడు బిట్లు, రెండోదానికి రెండు, మూడోదానికి సున్నా. మొత్తం ఖర్చు 16. షానన్ చెరువు ఇక్కడ బిట్టు బిట్టుగా నిండుతోంది. మెరక మీది మూడో టోన్ పొడిగానే ఉంది.

1990ల మొదట్లో ఈ ఆలోచన వీడియో పంపే కలతో కలిసింది. టెలిఫోను తీగ మీద సినిమా రావాలి. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ చోఫీ 1991లో అమాటి అనే కంపెనీ పెట్టాడు. ఒకే క్యారియర్ చాలనే వర్గం బలంగానే ఉంది. 1993లో బెల్‌కోర్ ప్రయోగశాలలో రెండు వర్గాల మోడెమ్‌లకూ పోటీ పెట్టారు. టోన్ల వర్గం స్పష్టంగా నెగ్గింది. 1995లో అమెరికా ప్రమాణం ఆ పద్ధతి మీదే వెలువడింది. మనం ఏడీఎస్ఎల్ అని పిలిచేది అదే. 256 టోన్లు, ఎడం 4.3125 కిలోహెర్ట్జ్, ఒక్కో టోన్ మీద అత్యధికంగా 15 బిట్లు, సెకనుకు 4,000 విడతలు. అంటే పూర్తిగా నిండిన ఒకే ఒక్క టోన్ సెకనుకు 60,000 బిట్లు మోస్తుంది. డయల్-అప్ కాలపు ఆఖరి మోడెమ్ మొత్తం కలిపి మోసింది 56,000.

ట్రెయిల్‌బ్లేజర్ కన్నా ఇది ఇంకో మెట్టు ఎక్కింది. కాల్ నడుస్తుండగానే బిట్లను అటూ ఇటూ సర్దుకోవడం నేర్చుకుంది. ఎండకు తీగ వేడెక్కితే, పక్కింటి తీగలో కొత్త మోడెమ్ మొదలైతే, ఒక టోన్ బలహీనపడుతుంది. ఇటువైపు మోడెమ్ అటువైపుకు చిన్న కబురు పంపుతుంది: ఫలానా టోన్ మీంచి ఒక బిట్టు తీసి ఫలానా టోన్ మీద వెయ్యి, ఇన్నో విడత నుంచి అమలు. వాడుకునేవాళ్లకు ఏమీ తెలియదు. మొత్తం వేగం మారదు, బరువు మాత్రం భుజం మారుతుంది.

ఇది తెలుగునాట ఇళ్లలోకి వచ్చింది 2005లో. అంతకు ముందు ఏడాది కేంద్రం ప్రకటించిన విధానం, సెకనుకు 256 కిలోబిట్లు ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అంది. బీఎస్ఎన్ఎల్ డేటావన్ జనవరిలో మొదలైంది. ఇక్కడ ఒక చిన్న లెక్క వేయకుండా ఉండలేం. ఆకాశవాణి హైదరాబాద్ ఎ కేంద్రం మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్. దాన్ని 4.3125తో భాగిస్తే 171. విజయవాడ 837, భాగిస్తే 194. అంటే ప్రసార కేంద్రానికి దగ్గర్లో స్తంభాల మీద వేలాడే ఫోను తీగ ఏంటెన్నాలా ఆ ప్రసారాన్ని పట్టుకుంటే, హైదరాబాద్‌లో 171వ టోన్‌కు, దాని ఇరుగుపొరుగుకు దెబ్బ. విజయవాడలో 194వ టోన్‌కు. మోడెమ్ ఆ టోన్ల మీద బిట్లు తగ్గించి మిగతావాటి మీద సర్దుకుంటుంది. టోన్ల వారీగా బిట్ల గ్రాఫ్ చూపే మోడెమ్‌లలో కొండల వరుసలో సన్నని లోయలా అది కనబడుతుంది. పెద్దాయనకు రేడియోలో భక్తిగీతం, అదే ఇంట్లో మోడెమ్‌కు రొద!

తీగ కథ ఇలా సుఖంగా సాగింది, ఎందుకంటే తీగ కదలదు. గాలి అలా కాదు.

ట్రెయిల్‌బ్లేజర్ వచ్చిన 1985లోనే బెల్ ల్యాబ్స్‌కు చెందిన లియొనార్డ్ సిమినీ ఈ సన్నని టోన్ల పద్ధతి మొబైల్ రేడియోకు పనికొస్తుందని లెక్కలతో వ్యాసం రాశాడు. పనికొచ్చింది కూడా. అయితే టోన్‌కో బరువు అనే సుఖం అక్కడ చేజారింది. 2 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు తరంగదైర్ఘ్యం 15 సెంటీమీటర్లు. సిగ్నల్ మంచి స్థితి నుంచి చెడుకు పోయి తిరిగి రావడానికి అందులో సగం, ఏడున్నర సెంటీమీటర్లు కదిలితే చాలు. 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు ఆ దూరాన్ని నాలుగున్నర మిల్లీసెకన్లలో దాటుతుంది. వందల టోన్ల మీద ఎన్నెన్ని బిట్లో పట్టిక రాసి అవతలికి పంపేలోగా ఆ పట్టికకు కాలం చెల్లుతుంది. పైగా ఆ పట్టిక కూడా డేటాయే, దానికీ చోటు కావాలి.

అందుకే 1999లో వచ్చిన 802.11ఎ అనే వైఫై ప్రమాణం లెంపలేసుకుని వెనక్కి తగ్గింది. డేటా మోసే 48 టోన్లకూ ఒకటే బరువు, కైనెప్లెక్స్‌లో లాగానే. తేడా ఏమిటంటే, బిట్లను ముందే చెల్లాచెదురు చేసి, కొన్ని పోయినా తిరిగి కట్టుకునేలా అదనపు బిట్లు కలిపి పంపుతారు. నీరసపడ్డ టోన్ చేసిన తప్పును బలమైన టోన్లు దిద్దుతాయి. ఎనిమిది మెట్ల నిచ్చెన: సెకనుకు 6 మెగాబిట్ల నుంచి 54 దాకా. పై మెట్టు మీద ఒక్కో టోన్ 6 బిట్లు మోస్తే మొత్తం 288, అందులో అసలు సరుకు మూడు వంతులు, 216. విడతకు 4 మైక్రోసెకన్లు. భాగిస్తే 54. కింది మెట్టు మీద టోన్‌కు ఒక బిట్టు, అందులోనూ సగమే సరుకు.

ఏ మెట్టు మీద నిలబడాలన్నది పంపేవాడు ఊహించుకోవాలి. వైఫై అవతలివాణ్ని పద్ధతిగా అడగదు. నెదర్లాండ్స్‌లో వేవ్‌లాన్ పరికరాలు చేసిన కామర్‌మన్, మోంటెబాన్ 1997లో ఒక నాటు సూత్రం ప్రకటించారు. అది ఒకే క్యారియర్ రేడియోకు పుట్టినా, తర్వాతివాళ్లందరికీ మొదటి పాఠమైంది. పంపిన పొట్లానికి ‘అందింది’ అని జవాబు వరసగా రెండుసార్లు రాకపోతే ఒక మెట్టు దిగు. వరసగా పదిసార్లు వస్తే ఒక మెట్టెక్కి చూడు. అంతే.

ఈ సూత్రానికి ఒక పిచ్చి గుణం ఉంది. జవాబు రాకపోవడానికి కారణం సిగ్నల్ బలహీనత కావచ్చు, ఇద్దరు ఒకేసారి మాట్లాడి గుద్దుకోవడమూ కావచ్చు. సూత్రానికి ఆ తేడా తెలియదు. పెళ్లిపందిట్లో గోలలో మాట వినబడకపోతే ఎవరైనా గట్టిగా అరుస్తారు, ఇది మాత్రం నెమ్మదిగా, సాగదీసి చెబుతుంది. 1,500 బైట్ల పొట్లం 54 మెగాబిట్ల మెట్టు మీద గాలిలో ఉండేది 222 మైక్రోసెకన్లు, 6 మీదైతే 2,000. గాలిలో ఎక్కువసేపుంటే ఇంకా ఎక్కువ గుద్దుకుంటుంది, మళ్లీ మెట్టు దిగుతుంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు 2003లో ఇంకో చోద్యం చూపించారు. వైఫైలో అందరికీ సమానంగా దక్కేది వంతు, సమయం కాదు. సెకనుకు 1 మెగాబిట్‌కు దిగిన ఒక్క యంత్రం, 11 మీద ఉన్న మిగతా అన్నిటినీ తన స్థాయికి లాగేస్తుంది. సింగిల్ రోడ్డు వంతెన మీద ఎద్దుల బండి ముందుంటే వెనక ఏ కారున్నా ఒకటే. తర్వాత లైనక్స్‌లో చేరిన మిన్‌స్ట్రెల్ అనే పద్ధతి వరస విజయాలు లెక్కపెట్టడం మానేసి, పొట్లాల్లో సుమారు పదో వంతును వేరే మెట్ల మీద ప్రయోగంగా పంపి, ఎక్కడ నిజంగా ఎక్కువ సరుకు దాటుతోందో గణాంకాలు రాసుకుంటుంది.

సెల్‌ఫోను వాళ్లు మధ్యేమార్గం పట్టారు. 1999లో హాంకాంగ్ పరిశోధకులు ఒక సంగతి ఎత్తి చూపారు: ఒకే టోన్ ఒకరికి మెరకైతే ఇంకొకరికి పల్లం కావచ్చు. అలాంటప్పుడు టోన్‌ను ఖాళీగా వదలడమెందుకు, ఎవరికి పల్లమో వాళ్లకిస్తే పోలేదా? 4జీ దీన్ని ఆచరణలో పెట్టింది, కానీ టోన్ టోన్‌కూ కాదు. 15 కిలోహెర్ట్జ్ ఎడంలో ఉన్న 12 టోన్లను ఒక కట్టగా కట్టి, 180 కిలోహెర్ట్జ్ కట్టలను ఒక్కో మిల్లీసెకనుకు పంచుతుంది. ఫోను తన పరిస్థితిని నాలుగే బిట్లలో చెబుతుంది, 0 నుంచి 15 లోపు ఒక అంకె. సున్నా అంటే ఏమీ వినబడటం లేదని. 15 అంటే టోన్‌కు 6 బిట్లదాకా వెయ్యి, మోస్తానని. ఆ అంకె ఎంచుకునే పద్ధతే తమాషా. పంపిన కట్టల్లో పదింట ఒకటి పోయినా ఫరవాలేదనే లెక్క మీద ఎంచుతారు. పోయినదాన్ని వెంటనే మళ్లీ పంపి పాతదానితో కలిపి చదువుకుంటారు. తప్పే జరగకూడదని జాగ్రత్తపడితే వేగం నష్టపోతామన్నది ఇక్కడి లెక్క.

అక్కణ్నుంచి ప్రపంచమంతా నిచ్చెన పైకే పొడిగించింది. వైఫై 6లో టోన్‌కు 10 బిట్లు, వైఫై 7లో 12. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే తప్ప ఆ మెట్టు అందదు. మన దేశం అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ ముందు పెట్టిన కోరిక ఇంకోలా ఉంది: పల్లెటూళ్లలో టవర్‌కూ టవర్‌కూ మధ్య 6 కిలోమీటర్లు ఉన్నప్పుడు కూడా 5జీ పనిచేయాలి. గ్రామీణ పరీక్షకు మిగతా ప్రపంచం అనుకున్న ఎడం 1.7 కిలోమీటర్లు. ఐఐటీ హైదరాబాద్‌లో కిరణ్ కూచి బృందం పనిచేసింది నిచ్చెన అట్టడుగు మెట్టు మీద. ఒక విడతకు ఒకే బిట్టు, దాన్ని ఎత్తుపల్లాలు లేని నున్నని తరంగంగా మలచడం. మామూలు తరంగంలో అప్పుడప్పుడు లేచే శిఖరాలకు చోటు వదలడానికి ఫోనులోని యాంప్లిఫయర్ తన బలాన్ని కాస్త దాచుకోవాల్సి వస్తుంది. నున్నని తరంగానికి ఆ అవసరం లేదు. ఉన్న బలమంతా పెట్టి నెట్టవచ్చు. 5జీఐ అనే పేరుతో వెళ్లిన భారతీయ ప్రమాణంలో ఇది భాగం. తర్వాత ఆ ప్రమాణం, ప్రపంచ మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వారి రిలీజ్ 17లో కలిసిపోయింది. టవర్ నుంచి మూడు కిలోమీటర్ల దూరాన చేనిగట్టు మీద నిలబడ్డ ఫోను, పైకి ఎక్కే దారి లేనప్పుడు ఆ ఒక్క బిట్టు మెట్టు మీదే నిలబడి మాట్లాడుతుంది.