పాలకొల్లు పిల్లవాడి మాండొలిన్

1981 డిసెంబరు సంగీత సీజన్‌లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికెక్కేనాటికి ఉప్పలపు శ్రీనివాస్‌కి పన్నెండేళ్లు. ఒళ్లో మాండొలిన్. సినిమా పాటల్లో వినబడే వాయిద్యం త్యాగరాజ కృతిని మోయగలదా అని పెద్దలు అనుమానపడితే అందులో తప్పు లేదు. మెట్ల వాయిద్యం అది. మీటగానే మోగి చప్పున ఆరిపోతుంది. గమకానికేమో స్వరం నిలవాలి, ఊగాలి.

ఆ చిక్కు విప్పిన తీరు చూడండి. మామూలు మాండొలిన్‌కి నాలుగు జంటలుగా ఎనిమిది తీగలు. జంటను పక్కకి లాగి గమకం పలికించడం కష్టం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌కి మారి, ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. ఒంటి తీగ వేలికి లొంగింది, యాంప్లిఫయర్ నాదాన్ని నిలబెట్టింది. కరెంటు వాయిద్యం మీద రాగాలాపన సాగింది.

అంత ధైర్యం ఎక్కడిదంటే, ఇంటి వినికిడి నుంచి వచ్చింది. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. గిటారిస్టు వాసూరావు పాశ్చాత్య సంగీతం రుచి చూపించాడు. ఆ తర్వాత దొరికిన గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. నా దృష్టిలో ఈ కథకు ఆయువుపట్టు ఇదే. వాయిద్యం ఎక్కడి నుంచి వచ్చినా, పాఠం గొంతులోంచే వచ్చింది.

పరాయి వాయిద్యం మన సంగీతంలోకి రావడం అదే మొదలు కాదు. రెండు వందల ఏళ్ల కిందట ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి మద్రాసులో దొరల వయొలిన్ నేర్చుకున్నాడు. అన్నగారేమో బ్యాండు మెట్లకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు కట్టారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి కమాను పలికే నాటికి వయొలిన్‌ని పరాయిదన్న మాటే లేదు.

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో శ్రీనివాస్ వాయించాడు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో చేరారు. అయినా మద్రాసు సభల్లో ఆయన కచేరీ మాత్రం వర్ణం, కృతి, రాగం, తానం, పల్లవి అనే పాత పద్ధతిలోనే నడిచేది. చెవులు నాలుగు దిక్కులా తెరిచిపెట్టుకున్నవాడు ఇంటి పద్ధతిని అంత పట్టుగా నిలబెట్టడం నాకు ఎప్పటికీ గొప్పగానే తోస్తుంది.

ఇవాళ్టి పిల్లలు ఒకే ఫోన్‌లో బాలమురళినీ, ర్యాప్‌నీ వింటున్నారు. దానికి నేను బెంగపడను. సుబ్బరాజుగారిలా ఎదురుగా కూర్చుని పాడి చెప్పే గురువు లేకుండా, రికార్డింగు విని సంగతులు పట్టేసుకుంటున్న వారిని చూస్తేనే బెంగ. రికార్డింగు తప్పు దిద్దదు.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే కన్నుమూశారు. తమ్ముడు రాజేశ్, శిష్యులు వాయిస్తున్నారు. గిటారుపై ప్రసన్న కర్ణాటక కచేరీలు చేస్తున్నారు. మాండొలిన్‌కి ఈ సంప్రదాయంలో చోటుందా అని అడిగేవారు ఇప్పుడు లేరు.