షేర్ల ఊపును కొలిచే లెక్క - పుట్టుపూర్వోత్తరాలు

మన సంఘ సమావేశాలలో ఇదివరకు డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు తప్ప వేరే ముచ్చట ఉండేది కాదు. ఈ మధ్య టీ తాగే వేళ "ఆర్.ఎస్.ఐ. 30 కిందికి వచ్చిందట, కొనవచ్చునా?" అనే మాట కూడా వినబడుతున్నది. మనుమల సెల్‌ఫోన్లలో గీతలు చూసి కమ్యుటేషన్ సొమ్ము పెట్టదలచిన మిత్రులూ ఉన్నారు. కనుక ఈ లెక్క ఎక్కడ పుట్టింది, ఎంతవరకు నమ్మదగినది అనే విషయం నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుకు దీని మూలం పుస్తకం చదవకుండానే తెలుసు. నిన్నటికన్నా ధర ఎంత పెరిగిందన్నది ఒక లెక్క. ఆ పెరుగుదల జోరు మీద ఉన్నదా, మందగిస్తున్నదా అన్నది రెండో లెక్క. ఈ రెండో దానినే షేర్ బజారులో మొమెంటమ్, అనగా ఊపు, అంటారు.

అమెరికాలో వెల్స్ వైల్డర్ అనే మెకానికల్ ఇంజనీరు 1978లో తన గ్రంథంలో ఆర్.ఎస్.ఐ.ని వెల్లడించారు. బిల్లుల కూడికలు వేసిన మనవారికి అదేమంత కష్టం కాదు. 14 రోజులలో షేరు పెరిగిన రోజుల పెరుగుదల మొత్తం 42 రూపాయలు, తగ్గిన రోజుల తగ్గుదల మొత్తం 14 రూపాయలు అనుకుందాం. రెండూ కలిపి 56. అందులో 42 అంటే నూటికి 75. అదే సూచిక. 70 దాటితే అతిగా కొన్నారని, 30కి దిగితే అతిగా అమ్మారని ఆయన చెప్పిన గుర్తు. ఆ దశాబ్దంలోనే జెరాల్డ్ అపెల్ 12, 26 రోజుల సగటుల తేడాతో ఎం.ఏ.సి.డి. అనే మరో సూచికను తయారు చేశారు.

మన ప్రాంతంలో హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి 1943లో ఏర్పడింది. వరంగల్ మదుపరి మరునాటి పత్రికలో ధర చూసుకొని, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టుకోవలసిన కాలమది. 1994 నవంబరులో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి షేర్ల వ్యాపారాన్ని కంప్యూటర్ తెర మీదికి తెచ్చింది. హైదరాబాద్ ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు కోల్పోయింది. నేడు ఆ లెక్క అంతా ఫోనే వేసి పెడుతున్నది.

అయితే లెక్క సరిగా ఉన్నంత మాత్రాన తీర్పు సరిగా ఉంటుందా? 1992లో హర్షద్ మెహతా హయాంలో సెన్సెక్స్ నాలుగు నెలల లోపున రెట్టింపు దాటి, ఏప్రిల్ 22న 4,467 వద్ద ముగిసింది. అంతటి ఊపులో సూచిక 70 పైననే రోజుల తరబడి నిలుస్తుంది. మొదట్లోనే అమ్మినవాడు లాభం వదులుకున్నాడు. ఇక దిగదని చివర కొన్నవాడు ఏడాది తిరిగేసరికి సగం పోగొట్టుకున్నాడు.

మన హైదరాబాద్ కంపెనీ సత్యం సంగతి ఇంకా పెద్ద పాఠం. 2009 జనవరి 7న ఛైర్మన్ లేఖతో లెక్కలు తప్పుడువని బయటపడింది. బ్యాంకులో ఉన్నట్లు చూపిన సొమ్ములో సుమారు 5,040 కోట్లు అసలు లేనేలేదు. సుమారు 179 రూపాయల షేరు ఆ ఒక్కరోజే 40కి పడిపోయింది. "బాగా పడింది, ఇక లేస్తుంది" అని 40కి కొన్నవారికి, మళ్ళీ మార్కెట్ తెరిచిన 9వ తేదీన అది సుమారు 24 వద్ద ముగిసింది. సూచిక ధరనే చదువుతుంది, కంపెనీ పద్దు పుస్తకాన్ని చదవదు.

ఊపు అనేది ఉత్త భ్రమ కూడా కాదు. 1993లో జగదీశ్, టిట్‌మన్ అనే పరిశోధకులు గత కొద్ది నెలల్లో బాగా పెరిగిన షేర్లు తర్వాతి 3 నుంచి 12 నెలల్లోనూ మిగతావాటికన్నా మెరుగ్గా ఉన్నాయని అమెరికా లెక్కలతో చూపారు. కాని అది వందల షేర్ల సగటు, మన చేతిలోని ఒక్క షేరుకు హామీ కాదు.

సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల పైమాట. వారిలో చాలామంది ఫోన్లలోనూ ఈ సూచికలు ఉండే ఉంటాయి.

కనుక మిత్రులకు నా విన్నపం. మనుమడితో కూర్చొని ఆ లెక్క నేర్చుకోండి, కాలక్షేపానికి మంచిదే. పెట్టదలిస్తే పోయినా ఇంటి ఖర్చుకు ఇబ్బంది కలగనంత సొమ్మే పెట్టండి. ఉద్యోగంలో ఉన్నప్పుడు పోయినది వచ్చే ఇంక్రిమెంటుతో పూడ్చుకోగలిగాము. ఈ వయస్సులో అసలు పోతే పూడ్చే దారి లేదు.