గిజిగాని గూడు – ఆడుపక్షి యెన్నిక



ఈనాటి నా ప్రసంగమునకు విషయము పక్షిజాతులలో ఆడుపక్షి తన జోడును ఎన్నుకొను పద్ధతి. ఇది పెద్దల సభకు తగిన మాటయా యని శంకింప బనిలేదు. దమయంతి దేవతలను గాదని నలుని వరించెను. రుక్మిణి తానే కృష్ణునకు కబురంపెను. ఈ కథలు విననివారు మనలో లేరు. మనుష్యులలో ఇంత గౌరవముతో మనము చెప్పుకొను ఎన్నిక పక్షులలోను గలదా యను ప్రశ్న పండితలోకములో నూరేండ్లకు పైగా వాదమునకు గురియైనది. ఆ వాదము యొక్క చరిత్రమును నాకు తెలిసినంతవరకు మనవి చేసెదను. దానికి సాక్ష్యము మన రామగుండము, గోదావరిఖని చుట్టుపట్ల తుమ్మచెట్లమీదనే వ్రేలాడుచున్నది.

1871వ సంవత్సరము మన ప్రాంతమువారు మరువరానిది. ఆ యేటనే భూగర్భశాస్త్రజ్ఞుడైన డాక్టరు కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గు గలదని కనుగొనెను. సింగరేణి గనుల కథకు అది మొదలు. అదే యేట లండను నగరమున చార్లెస్ డార్విను అను పండితుడు మనుష్యుని పుట్టుకను గూర్చియు, జంతువుల జోడెన్నికను గూర్చియు ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. బొగ్గు పేరుకొన్న కాలము 25 కోట్ల సంవత్సరములకు పైబడినది. ఆ యడవులలో పువ్వు లేదు, పక్షి లేదు. తరువాతి కాలమున ఇన్ని రంగులు, ఇన్ని కూతలు, ఇన్ని నాట్యములు ఎట్లు పుట్టినవి? డార్విను తలకెత్తుకొన్న ప్రశ్నలలో ఇది యొకటి.

ఆయనను మిక్కిలి బాధించినది నెమలి పింఛము. బ్రతుకునకు పనికివచ్చు గుణమే తరతరములకు నిలుచునని ఆయన సిద్ధాంతము. పింఛమో, ఎగురుటకు బరువు, పరుగునకు అడ్డు, శత్రువు కంట బడుటకు గుర్తు. అట్టిది యేల నిలిచెను? పింఛపు కన్ను చూచినప్పుడెల్ల తనకు వికారము కలుగుచున్నదని ఆయన 1860లో ఒక మిత్రునకు జాబు వ్రాసెను. పదునొకండేండ్ల తరువాత గ్రంథమున సమాధానము చెప్పెను: మగపక్షి అలంకారము బ్రతుకుటకు గాదు, మెప్పించుటకు. ఆడుపక్షి చూచును, పోల్చును, ఎన్నుకొనును. ఎన్నికయైన వాని సొగసు సంతానమునకు సంక్రమించును.

ఈ మాట ఆ కాలపు పండితులలో పెక్కురకు రుచింపలేదు. ప్రకృతివరణ సిద్ధాంతమును డార్వినుతోపాటు కనుగొన్న వాలెసు సైతము ఒప్పుకొనలేదు. మగవాని రంగు అతని బలము పొంగిన పొంగేయనియు, గూటిలో పొదుగు పక్షి దాగుటకై మాసినరంగు దాల్చుననియు ఆయన వాదించెను. నోరులేని పక్షికి, అందును ఆడుదానికి, అంత వివేచన యుండునా యని పెక్కుమంది నవ్విరి. ఆ పరిహాసము చాలకాలము పరిశోధనకు అడ్డుగోడయయ్యెను.

ఇక్కడ మన తెలుగునేలకు సంబంధించిన ముచ్చట యొకటి. నెల్లూరులో వైద్యుడుగా నుండిన జెర్డను దొర భారతదేశ పక్షులనుగూర్చి 1862 మొదలు 1864 వరకు గ్రంథము ప్రకటించెను. డార్విను దానిని శ్రద్ధగా చదివెను. పూరేడువలె కానవచ్చు మూడువ్రేళ్ల పిట్ట యొకటి కలదు. దానిలో మగదానికన్న ఆడుదే పెద్దది, పోట్లాటకు ముందడుగు వేయునది. కోడిపుంజులవలె ఈ పెంటిపిట్టలను పందెమునకు పెంచుదురని జెర్డను వ్రాసెను. బోనులో నొకదానిని పెట్టిన, దాని కూత విని చుట్టుపట్ల పెంటిపిట్టలు పోరుటకు పరుగెత్తి వచ్చి వలలో చిక్కుచుండెనట. గ్రుడ్లు పొదుగు భారము మాత్రము మగదానిది. దీని భావమేమి? 1972లో ట్రివర్సు అను పండితుడు సూత్రము చెప్పెను: సంతానమునకై ఎక్కువ కష్టపడు పక్షము ఆచితూచి ఎన్నుకొనును, తక్కువ కష్టపడు పక్షము ఎన్నికకై పోటీ పడును. కనుక ఎన్నిక ఆడుతనమునకు అంటిన గుణము గాదు, మోయు బరువును బట్టి వచ్చు హక్కు.

ఇక మన గిజిగాని యొద్దకు వత్తము. మిణుగురులను మట్టిలో గ్రుచ్చి గూటిలో దీపము పెట్టుకొనునని మన పెద్దలు చెప్పుదురు. గూటి లోపల మట్టి ముద్దలు అంటియుండుట నిజమే. దీపము మాత్రము కల్పన. ఒకే చెట్టున కొన్ని గూళ్లు క్రింది గొట్టముతో నిండుగా నుండును, కొన్ని బోర్లించిన బుట్టలవలె సగములో నిలిచియుండును. ఆ సగము గూళ్లు మగపక్షి ఊగుటకు కట్టుకొన్న ఉయ్యాలలని వాడుక. నిజమును బయటపెట్టినవాడు మన దేశస్థుడే, సలీం అలీ. 1930లో బొంబాయి దాపున కీహిం గ్రామమున ఆయన గిజిగాళ్లను దినదినము కనిపెట్టి, మరుసటి యేడు ఆ విషయమును ప్రకటించెను. పిమ్మట మన నిజాం రాజ్యపు పక్షులనుకూడ పరిశీలించెను. ఆ వివరములు 1933, 1934లలో అచ్చయ్యెను.

ఆయన చూచినది ఇది. తొలకరి తరువాత మగపక్షులు వరియాకుల చీలికలు, గడ్డిపోచలు, ఈతాకు పీచు తెచ్చి, అల్లిక సగమువరకు నడిపి నిలిపివేయును. అప్పుడు ఆడుపక్షులు గుంపుగా దిగును. మగవి గూటికి వ్రేలాడి రెక్కలు కొట్టుకొనుచు కేకలు వేయును. ఆడుది లోపల దూరి చూచును, అల్లికను ముక్కుతో లాగిచూచును. నచ్చిన, అక్కడనే కుదురుకొనును. అప్పుడే మగది క్రింది గొట్టమును పూర్తి చేయును. నచ్చకున్న ఎగిరిపోవును. గూడు కుదిరిన పిమ్మట మగది మరియొక గూటికి మొదలుపెట్టి ఇంకొకతెను పిలుచును. పిల్లల పోషణభారము చాలవరకు తల్లిదే. కావున చెట్టున సగములో నిలిచిన గూటిని ఉయ్యాల యనకుడు. ఇంకను ఎవ్వతెయు ఒప్పుకొనని గూడది. ఎన్నిక గలదా యని విదేశములలో వాదించుకొన్న ప్రశ్నకు జవాబు మన బావిగట్టుమీదనే వ్రేలాడుచుండెను!

ఆడుది దేనిని చూచి మెచ్చును? అల్లిక నేర్పుకన్న గూడుకట్టిన చోటే ముఖ్యమని తరువాతి పరిశోధనలు చెప్పుచున్నవి. ఎత్తైన కొమ్మ, సన్నని కొమ్మ మేలు. పాము, ఎలుక, పిల్లి చేరని తావు చూచుకొనుట తల్లి కానున్నదానికి సహజమే కదా.

ఎన్నికను పరీక్షించి నిరూపించినది 1982లో. గిజిగానికి దూరపు చుట్టమైన నల్లపిట్ట యొకటి ఆఫ్రికాలోని కెన్యాదేశమున గలదు. మగదాని తోక మూరెడు. ఆండర్సను అను స్వీడను దేశస్థుడు కొన్నింటి తోకలు కత్తిరించి, ఆ ముక్కలను వేరుకొన్నింటికి అతికించెను. పొడవుతోక దాల్చిన వాని పొలములో ఎక్కువ ఆడుపక్షులు గూళ్లుపెట్టెను. నెమళ్ల విషయమున ఇంగ్లండులో పెట్రీ అను విదుషి 1991లో, పింఛమున కన్నులెక్కువగా గల మగనెమలికి ఎక్కువ జోడ్లు దొరకినవని చూపెను. జపానులో ఏడేండ్లు పరిశీలించినవారు 2008లో అట్టి సంబంధము తమకు కనబడలేదనిరి. శాస్త్రమునందు వాదము ముగియుట అరుదు.

కన్నీరు త్రాగి ఆడునెమలి గర్భము దాల్చునను నానుడి మన యూళ్లలో నిలిచియున్నది. అది సత్యము గాదు. కోళ్లవలెనే నెమళ్లును జతకూడియే సంతానమును బడయును. కన్నీటికథను నమ్మినచో, ఆడునెమలి చూచి ఎన్నుకొనుట యను అసలు విశేషము మనకు కనబడదు.

సొగసు ఎందులకను ప్రశ్నకు రెండు సమాధానములు గలవు. ఫిషరు అను ఆంగ్లేయుడు 1915లోను, 1930లోను చెప్పినది: కొడుకునకు తండ్రి సొగసు, కూతునకు తల్లి అభిరుచి వచ్చును, రెండును ఒకదాని నొకటి పెంచుకొనిపోవును. 1975లో ఇస్రాయేలు పండితుడు జహావి చెప్పినది: బరువే ఋజువు. జాతరలో రాతిగుండు నెత్తిన పహిల్వాను బలమునకు వేరు సాక్ష్య మక్కరలేదు. అట్లే బరువైన పింఛముతో బ్రతికి బట్టకట్టినవాడు నిజముగా బలవంతుడు.

పక్షి నడత మనుష్యధర్మమునకు ప్రమాణమని నేననను. మనకు శాస్త్రము, న్యాయము, మనస్సాక్షి గలవు. కాని ఈ చరిత్రము ఒక హెచ్చరిక చేయుచున్నది. ఆడుదానికి అభిప్రాయ ముండదని ముందే నిశ్చయించుకొన్నవారికి కంటియెదుటి సాక్ష్యము కూడ కానరాలేదు. ఇంట పెండ్లిమాటలు నడపు పెద్దలకు ఆ హెచ్చరికను వేరుగా విప్పి చెప్ప నక్కరలేదు.

మరియొక మనవి. గనులకు, రోడ్లకు, ఇండ్లకు చెట్టు తొలగుచున్న ప్రాంతము మనది. బావిగట్టు తుమ్మ పోయిన, గిజిగానికి గూడుకట్టు చోటే పోవును. వానకాలమున గూళ్లున్న కొమ్మను నరుకకుడు. పిల్లలు ఎగిరిపోవు వరకు ఓర్పు వహింపుడు. మనుమలను చెట్టుక్రిందికి తీసికొనిపోయి, నిండుగూళ్లెన్ని, సగము గూళ్లెన్ని లెక్కపెట్టింపుడు. ఏ పుస్తకము లేకుండనే వారు డార్విను ప్రశ్నకు జవాబు చదువగలరు.