బైపాస్ ఫిల్టర్ బిగిస్తే ఆయిల్ మార్పు తప్పుతాదా?

ఎర్రగుంట్ల చుట్టూ ఎన్నో ఇండ్లు లారీ మీదనే బతుకుతాండాయి. సిమెంటు మూటలు, ఆర్టీపీపీ బూడిద, సున్నపురాయి, నాపరాయి, ఏది కదలాలన్నా డీజిల్ బండి కావాల. నెల తిరిగేసరికి కంతు కట్టాల, టైర్లు చూసుకోవాల, డ్రైవర్ జీతం ఇయ్యాల. ఇంతలో సర్వీసు టైమ్ వస్తే ఇరవై లీటర్ల ఆయిల్ డబ్బులు యాడనుంచి తేవాలని ఓనర్ తల పట్టుకుంటాడు. అట్లాంటి మనిషికి ఫోన్‌లో ఒక వీడియో కనపడతాది. "ఈ బైపాస్ ఫిల్టర్ బిగించుకోండి, ఆయిల్ లక్ష కిలోమీటర్లు మార్చే పనే లేదు" అని.

ఆ మాటలో నిజం కొంత ఉంది, వ్యాపారం కొంత ఉంది. రెండూ విడదీసి చూద్దాం.

అసలు ఇది ఏంది?

ప్రతి లారీ ఇంజన్‌కూ ఒక మామూలు ఆయిల్ ఫిల్టర్ ఉంటాది. పంపు తోసిన ఆయిలంతా దాంట్లోనుంచే బేరింగులకు పోవాల. అందుకే దాన్ని మరీ సన్నగా చేయలేరు. సన్నగా చేస్తే ఆయిల్ పారదు, బేరింగ్ ఎండిపోతాది. మామూలుగా 20 నుంచి 40 మైక్రాన్ల సైజు కణాలను అది పట్టుకుంటాది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు.

చిక్కు ఏందంటే, బేరింగుకూ షాఫ్టుకూ నడుమ ఉండే ఆయిల్ పొర కొన్ని మైక్రాన్లే. ఆ సందులో దూరి గీకేది 5 నుంచి 20 మైక్రాన్ల సన్న దుమ్ము. పెద్దది ఫిల్టర్‌లో ఆగిపోతాది, సన్నది తిరుగుతానే ఉంటాది.

ఆ సన్నదాన్ని పట్టేదే బైపాస్ ఫిల్టర్. ఇది పక్కదారి. పంపు నుంచి వచ్చే ఆయిల్‌లో నూటికి 5 నుంచి 10 పాళ్లు మాత్రం ఒక సన్న రంధ్రం గుండా దీంట్లోకి పోయి, నిదానంగా వడపోసుకొని తిరిగి సంపులో పడతాది. పారే తొందర లేదు కాబట్టి రెండు మూడు మైక్రాన్లదాకా పట్టగలదు. బండి నడిచేకొద్దీ సంపులోని ఆయిలంతా మళ్లీ మళ్లీ దాంట్లో పడి వస్తాంటాది. కొన్నిట్లో దట్టమైన దూది, కాగితం మాదిరి సరుకు ఉంటాది. కొన్నిట్లో ఆయిల్ ఒత్తిడికే గిర్రున తిరిగే గిన్నె ఉంటాది, మసి దాని గోడకు మడ్డి మాదిరి అంటుకుంటాది.

ఒక పొరపాటు సరిదిద్దుకోవాల. మామూలు ఫిల్టర్‌లో "బైపాస్ వాల్వ్" అని ఒకటి ఉంటాది. ఫిల్టర్ మూసుకుపోతే అది తెరుచుకొని, వడపోయని ఆయిల్‌నే ఇంజన్‌కు పంపుతాది. పేరు ఒకటే గానీ ఆ వాల్వ్ వేరు, ఈ ఫిల్టర్ వేరు.

ఇది కొత్త మాయ కూడా కాదు. వోల్వో డి13 ఇంజన్ చూడండి, మూడు ఫిల్టర్లు వరసగా ఉంటాయి. రెండు మామూలువి, ఒకటి బైపాస్. కంపెనీయే ఇచ్చింది.

రుజువు ఉందా?

ఉంది. 1988లో అమెరికాలో జనరల్ మోటార్స్ ఇంజనీర్లు ప్రచురించిన పరీక్షలో, 40 మైక్రాన్ల ఫిల్టర్ తీసి 30 మైక్రాన్లది పెడితే ఇంజన్ అరుగుదల సగానికి తగ్గింది. 15 మైక్రాన్లదైతే 70 శాతం తగ్గింది. అంటే సన్నగా వడపోస్తే ఇంజన్‌కు మేలే.

ఆ దేశంలోనే ఇడాహో నేషనల్ లాబొరేటరీ వాళ్లు 2002లో మొదలుపెట్టి 8 డీజిల్ బస్సులకు బైపాస్ ఫిల్టర్లు బిగించి కొన్నేండ్లు నడిపినారు. అంతకుముందు 12 వేల మైళ్లకు, అంటే సుమారు 19 వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చేవాళ్లు. ఫిల్టర్ పెట్టినాక చానా మార్పులు మిగిలినాయి. అయితే వీడియోల్లో చెప్పని సంగతి ఒకటుంది. సర్వీసు వచ్చిన ప్రతిసారీ వాళ్లు ఆయిల్ శాంపిల్ తీసి ల్యాబుకు పంపినారు. ఆయిల్ బాగుందని కాగితం చెబితేనే బండి ముందుకు పోయింది.

అంత దూరం ఎందుకు, మన ఎర్రగుంట్ల మీదుగా పోయే రైలు పట్టాలే గుత్తికి పోతాయి. గుత్తిలో డీజిల్ లోకో షెడ్డు ఉంది. రైల్వే డీజిల్ షెడ్లలో ఇంజన్ ఆయిల్‌ను ల్యాబులో చూడడం ఎన్నో ఏండ్ల అలవాటు. ఇనుము పెరిగిందా, రాగి పెరిగిందా, నీళ్లు కలిసినాయా అని చూసి, ఏ ఇంజన్ లోపల ఏం అరుగుతాందో విప్పకముందే కనిపెడతారు. రైలింజన్‌కు ఉన్న ఆ వైద్యం లారీకి ఎందుకు లేదు?

ఫిల్టర్ చేయలేని పనులు

ఆయిల్ పాడయ్యేది దుమ్ముతోనే అయితే ఫిల్టర్ చాలు. కానీ ఆయిల్ లోపలినుంచి కూడా ముసలిదవుతాది. డీజిల్ కాలినప్పుడు పుట్టే ఆమ్లాన్ని చంపేదానికి ఆయిల్‌లో మందు కలిపి ఉంటారు. దాని బలాన్ని బేస్ నంబర్ అంటారు. అది రోజూ కరుగుతాది, ఏ ఫిల్టరూ దాన్ని తిరిగి పెంచలేదు. కొత్త ఆయిల్‌లో ఉన్నదాంట్లో సగానికి దిగిందంటే జాగ్రత్త పడాల. ఇంజెక్టర్ కారి ఆయిల్‌లో డీజిల్ కలిసినా, గాస్కెట్ పోయి కూలెంట్ కలిసినా ఫిల్టర్ ఆపలేదు. అట్లాంటప్పుడు ఆయిల్ మార్చకుండా తిప్పితే ఇంజన్ దించాల్సిందే.

ఇంకో సంగతి కిలోమీటర్ల లెక్క. ఫ్యాక్టరీ గేటు కాడ వరసలో గంటలు గంటలు ఇంజన్ ఆపకుండా నిలబెట్టే బండికి మీటర్ తిరగదు, ఆయిల్ మాత్రం కాలతానే ఉంటాది. కాబట్టి దగ్గర ట్రిప్పులు కొట్టే బండికి ఇంజన్ గంటలు చూడాల.

మన దుమ్ము వేరే

ల్యాబ్ కాగితంలో దుమ్ముకు గుర్తు సిలికాన్. మట్టి దుమ్ములో ఇసుక ఉంటాది గాబట్టి అది పెరిగితే గాలి ఫిల్టర్ దారి లీకని అర్థం. అయితే మన పక్క దుమ్ములో సున్నపురాయి ఎక్కువ. సున్నపురాయంటే కాల్షియం. ఆ కాల్షియం ఆయిల్‌లో కలిపే మందులో ముందే ఉంటాది. కాబట్టి సిలికాన్ తక్కువ ఉన్నంత మాత్రాన దుమ్ము పోలేదనుకోకూడదు. కొత్త ఆయిల్ శాంపిల్ ఒకటి పక్కన పెట్టి, కాల్షియం అంతకన్నా పెరిగిందేమో పోల్చి చూడాల.

బూడిద తోలే బండికి ఇంకో తిరకాసు. బూడిదలో సిలికాతోపాటు అల్యూమినా ఉంటాది. కాగితంలో అల్యూమినియం పెరిగితే పిస్టన్ అరిగిందని భయపడతారు. సిలికాన్, అల్యూమినియం రెండూ కలిసి పెరిగితే మొదట గాలి పైపుల క్లాంపులు చూడండి.

దుమ్ము ఇంజన్‌లోకి వచ్చే పెద్ద దారి గాలి ఫిల్టరే. దాన్ని టైరుకేసి కొట్టడం, దగ్గరనుంచి కంప్రెసర్ గాలి కొట్టడం మనకు అలవాటు. కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడతాయి. ఆ చిల్లు పూడ్చకుండా వేల రూపాయల బైపాస్ ఫిల్టర్ పెట్టడమంటే, తలుపు తీసిపెట్టి ఇల్లు ఊడ్చినట్లు.

లెక్క వేసి చూద్దాం

ఇవి ఉదాహరణకు వేసిన ధరలు, మీ బిల్లులు పెట్టి మళ్లీ వేసుకోండి. లారీ ఏడాదికి 80 వేల కిలోమీటర్లు తిరుగుతాది, 20 వేలకొకసారి ఆయిల్ మారుస్తారనుకుందాం. ఒక మార్పుకు ఆయిల్, ఫిల్టర్ కలిపి రూ.7,000. నాలుగు మార్పులకు రూ.28,000.

బైపాస్ పెట్టి 40 వేలకు పొడిగిస్తే రెండు మార్పులు, రూ.14,000. బైపాస్ లోపలి ఎలిమెంట్ నాలుగుసార్లు రూ.1,500 లెక్కన రూ.6,000. నాలుగు ల్యాబ్ పరీక్షలు రూ.1,000 లెక్కన రూ.4,000. మొత్తం రూ.24,000. ఏడాదికి మిగిలేది రూ.4,000. కిట్టు, బిగింపు రూ.24,000 అయితే ఆ డబ్బు రావడానికే ఆరేండ్లు.

అదే గనిలో ఏడాదికి 5,000 గంటలు నడిచే యంత్రం తీసుకోండి. 250 గంటలకొకసారి అయితే 20 మార్పులు. సగం తగ్గితే రూ.70,000 మిగులు. ఎలిమెంట్లకు, పరీక్షలకు రూ.50,000 పోయినా రూ.20,000 చేతికొస్తాది. కిట్టు డబ్బు ఏడాది దాటి రొంతకాలానికే వచ్చేస్తాది. రోజంతా నడిచే యంత్రాలకు, పది బండ్లున్న వాళ్లకు ఇది పనికొచ్చే వస్తువు. ఒక్క బండి ఓనర్‌కు ఆయిల్ డబ్బుల కోసమే అయితే దండగ. ఇంజన్ ఎక్కువ కాలం ఉండాలని పెట్టుకుంటే అది వేరే లెక్క.

పెట్టుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి

వారంటీలో ఉన్న బండికి డీలర్ కాడ రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో కొన్నిటికి కంపెనీయే పొడుగు దూరం చెబుతాంది, ముందు ఆ పుస్తకం చదవండి. ఆయిల్ గ్రేడు కూడా దాంట్లో రాసిందే పోయాల.

పైపులు మంచివి వేయండి. ఒక పైపు రాసుకొని పగిలితే నిమిషాల్లో సంపు ఖాళీ అయితాది, ఇంజన్ పట్టేస్తాది. వేడి సైలెన్సర్‌కు, కదిలే భాగాలకు దూరంగా కట్టండి. బిగించినాక, ఎలిమెంట్ మార్చినాక లెవెల్ చూసి తగ్గిన ఆయిల్ పోయండి.

శాంపిల్ ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు శుభ్రమైన సీసాలో తీయండి. కిలోమీటర్లు, గంటలు, ఆయిల్ పేరు, నడుమ ఎన్ని లీటర్లు పోసినారో రాయండి. ఒక్క కాగితంతో ఏమీ తేలదు. మూడు కాగితాలు పక్కపక్కన పెడితేనే పెరుగుదల కనపడతాది. తీసిన పాత ఆయిల్ వంకలో పోయొద్దు. 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, లైసెన్స్ ఉన్నవాళ్లకే ఇయ్యాల.

మన పక్క ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివిన పిల్లోళ్లు చానామంది ఉండారు. స్పానర్ పట్టడం వాళ్లకు వచ్చు. ఆయిల్ కాగితం చదవడం కూడా నేర్పితే, లారీ సంఘాలు ఇరవై బండ్ల శాంపిళ్లు కలిపి ఒక్కసారే ల్యాబుకు పంపితే, ఖర్చూ తగ్గుతాది, వాళ్లకో పనీ దొరుకుతాది. వీడియో చూసి కిట్టు కొనేముందు ఒక్క శాంపిల్ పంపండి. ఆయిల్ ఇంకెంత దూరం పోతాదో ఆ కాగితమే చెబుతాది.