కొండ వాలున కొయ్య తెర

వేల్స్‌లోని బ్లాక్ మౌంటెన్స్‌లో, పార్ట్రిషో అనే మారుమూల చోట ఓ చిన్న చర్చి ఉంది. ఆ లోయలో హత్యకు గురయ్యాడని చెప్పుకునే ఇషుయి అనే సాధువు పేరిట వెలసింది. ఆయన ఊటబావి దిగువనే ఉంది.

జ్ఞానస్నానపు రాతితొట్టి 11వ శతాబ్దిది. అంచున శిల్పి మెన్‌హిర్ పేరు లాటిన్‌లో చెక్కి ఉంది.

అసలు సొగసంతా 1500 ప్రాంతపు ఓక్ తెరది. జనం కూర్చునే చోటునీ బలిపీఠపు భాగాన్నీ వేరుచేసే ఈ జాలీ పనికి రంగు లేదు. దూలం మీద డ్రాగన్ నోట ద్రాక్షతీగ సాగుతుంది. 16వ శతాబ్దపు మత సంస్కరణల్లో ఇలాంటి తెరలపై ఉండే అటకలను ఎన్నిచోట్లో కూల్చేశారు. ఇక్కడిది మాత్రం మిగిలింది. ఆ కొండదారిని ఎక్కే ఓపిక అధికారులకు లేదేమో!

గోడమీద ఇసుక గడియారం, పార, కొడవలి పట్టిన అస్థిపంజరపు చిత్రం భక్తులను భయపెడుతుంది. 1908-09లో కేరో అనే వాస్తుశిల్పి మరమ్మతులు చేయించాడు. పాతదనం చెడకుండా చేసిన చక్కటి పని అది.