నెక్కొండ పులివేట - తుపాకి దుర్బీను

ఈ టపాలో ఛందస్సు లేదు, శాసనం లేదు, తుపాకి ఉన్నది. వ్యాకరణం చెప్పుకొని బ్రతికిన వానికి తుపాకితో పనియేమని తోచవచ్చును. కారణం విన్నవిస్తాను.

నా పూర్వశిష్యుడొకడు మొన్న మరిపెడలోని మా ఇంటికి వచ్చినాడు. పంటచేలను పాడుచేసే అడవిపందులను కాల్చుటకు అనుమతి పొందినవాడు. తుపాకికి బిగించే దుర్బీను కొనవలెనట. "సారూ, ఈ కాయితంల ఇంగ్లీషు నాకు సమజైతలేదు, జర చదివి చెప్పుండ్రి" అని ఒక ప్రకటనపత్రం నా ముందుంచినాడు. మక్కచేను చుట్టూ కరెంటు తీగ పెట్టి పందికోసం కాచుకొంటే ఆ తీగకు మనిషే బలియైన వార్తలు మన పత్రికలలో కొత్తవి కావు. కనుక వాని ప్రశ్నను తేలికగా తీసివేయలేకపోయినాను.

చదువుతూండగా నాకు నెక్కొండ గుర్తుకు వచ్చినది. వరంగల్లునుండి మహబూబాబాదుకు పోయే రైలుదారిలోని నెక్కొండయే. 1902లో వైస్రాయి కర్జన్ హైదరాబాదుకు వచ్చి ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుతో బీరారు విషయం మాట్లాడినాడు. ఆ ఏడాది నవంబరులో జరిగిన ఒప్పందంతో బీరారు ఏటా 25 లక్షల రూపాయల కవులుకు శాశ్వతంగా ఆంగ్లేయుల చేతికి పోయినది. ఆ రాకలోనే, ఏప్రిలులో, మన అడవులలో వైస్రాయికి పులివేట ఏర్పాటు చేసినారు. లాలా దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రాలు నేటికీ ఉన్నవి. నిజాము కూడ గొప్ప వేటగాడు. 'తీస్‌మార్‌ఖాన్' అనే మాట ఆయన కొట్టిన ముప్పై పులులనుబట్టి పుట్టినదని చెప్పుకొంటారు. భాషాపండితునిగా నాకు ఆ వ్యుత్పత్తిమీద నమ్మకం తక్కువ.

ఆ కాలపు పులివేటకు దుర్బీనుతో పనిలేదు. మంచెమీద కూర్చున్న దొర ఎదుటికి డప్పులతో, కేకలతో జనం పులిని తోలుకొని వచ్చేవారు. ఇరవై ముప్పై గజాల దూరంలో రెండు గొట్టాల బరువు తుపాకి పేలేది. చీకటి పడేవేళ కనబడుటకు గొట్టం కొసన దంతపు పూస ఒకటి, అంతే. అద్దాలకు ఆ తుపాకి తన్ను ఓర్చుకొనే శక్తి అప్పటికి లేదు. గురిగీతలకు సాలెపురుగు దారం వాడిన రోజులవి.

ఐనను దుర్బీనుకు మన దేశంతో పాత చుట్టరికమే ఉన్నది. బొంబాయి సైన్యంలో పనిచేసిన డేవిడ్‌సన్ అనే అధికారి ఇక్కడి వేటలలోనే తుపాకికి దూరదర్శినిని కట్టి చూచినాడు. 1862లో దానికి పేటెంటు పొందినాడు. దానిని తుపాకికి ఎడమప్రక్కన బిగించేవారు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది గురికాండ్రు కొందరు విట్‌వర్త్ రైఫిళ్ళమీద దీనినే వాడినారు. అనగా జింకకోసం పుట్టినది మనిషిమీదికి పోయినది.

ఎనభై ఏండ్లకు ఆ ఎడమప్రక్కయే మళ్ళీ అక్కరకు వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధంలో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలుకు బిగించిన 32వ నంబరు దుర్బీనును మొదట బ్రెన్ మరతుపాకికోసం తయారుచేసినారు. మూడింతలే పెద్దదిగా చూపేది. మరతుపాకి కుదుపుకోసం చేసినది కనుక మొరటుది, బరువైనది, గట్టిది. మా శిష్యుని చేతిలోని ప్రభుత్వ కర్మాగారపు .315 రైఫిలు కూడ ఆ లీ-ఎన్‌ఫీల్డు వంశానిదే. ఈ మాట చెప్పగానే వాని ముఖం వికసించినది.

ఇక మన్నిక సంగతి. పాత దుర్బీనులకు శత్రువు తేమ. చలిలోనుండి వెచ్చదనంలోకి రాగానే లోపలి అద్దం మసకబారేది. గొట్టంలోని గాలిని తీసి నత్రజని నింపే పద్ధతి 1940ల చివర అమెరికాలో ల్యూపోల్డ్ సంస్థ తెచ్చినది. మన వానాకాలానికి ఇది లేనిదానిని కొనరాదు. గోరువెచ్చని నీటిలో ముంచితే బుడగలు వచ్చినచో అది నీటికి ఆగదని తెలుసుకోవలెను.

ప్రకటనలో తొమ్మిదింతలు, పన్నెండింతలు అని పెద్ద అక్షరాలున్నవి. అక్కడనే మోసపోతాము. ముందరి అద్దపు వెడల్పును పెద్దదిచేసే లెక్కతో భాగించితే కంటికి అందే కాంతివలయం వస్తుంది. 32 మిల్లీమీటర్ల అద్దం, నాలుగింతలు: 8 మిల్లీమీటర్లు. 40 మిల్లీమీటర్ల అద్దం, తొమ్మిదింతలు: నాలుగున్నర కూడ లేదు. చీకటిలో పడుచువాని కంటిపాప దాదాపు 7 మిల్లీమీటర్లు విచ్చుకొంటుంది. పంది వచ్చేది మునిమాపువేళ, యాభై గజాలలో. నాలుగింతలది చాలును. నావంటి ముసలికంటికైతే ఆ లెక్క కూడ దండుగ.

పట్టీ మరలు వదులైతే ఎంత ఖరీదైన అద్దమైనా వ్యర్థమని, పది గుండ్లు కాల్చి గురి కదలలేదని చూచుకొన్న తరువాతనే చేనికి పొమ్మని గట్టిగా చెప్పినాను. గాయపడిన పంది మనిషిమీదికి వస్తుంది. గురి తప్పిన గుండు పక్కచేనిలో కావలి ఉన్నవానికి తగులుతుంది.

వాడు లేచేముందు కంప్యూటరులో నెక్కొండ చిత్రం చూపించినాను. చాలాసేపు చూచి, "పులిని తోలిన మనోళ్ళెవరు సారూ?" అన్నాడు. చిత్రం క్రింద దొర పేరు, ఊరి పేరు, నెల, సంవత్సరం ఉన్నవి.